చిల్లుల డబ్బా

పల్సానా, సూరత్ జిల్లా
18 నవంబరు 2024

చెల్లె ఎల్లవ్వా,

ఉత్తరం క్షేమంతో మొదలుపెట్టాలని పెద్దలు నేర్పారు. కానీ నువ్వు నీ బిడ్డ లతతో రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉంటావు కనుక, నేను బతికి ఉన్నానో లేదో నాకంటే ముందు నీకే తెలుస్తుంది. కాబట్టి నేరుగా సంగతిలోకి వస్తాను.

ఫోను నాకెందుకు పనికిరాదో నీకు తెలుసు. నలభై రెండేళ్లు మగ్గాల చప్పుడులో నిలబడ్డ చెవులివి. నువ్వు "అన్నా, మంచిగున్నవా?" అంటే దోమ పోయినట్టు వినిపిస్తుంది. నేను "ఆ, తిన్న" అంటాను. నువ్వు "వానలు పడ్డయా?" అంటే "ఆ, నీళ్లు పోసుకున్న" అంటాను. అటువైపు మీ ఇంటిల్లిపాదీ నవ్వుకుంటారని లత చెప్పింది. ఉత్తరం ముందు ఎవరూ అరవనక్కర్లేదు. మనమిద్దరం పాతకాలం వాళ్లలాగా ఇలాగే రాసుకుందాం.

దీపావళి ముందు శేఠ్ మగ్గాలన్నీ అమ్మేశాడు. నలభై ఎనిమిది మగ్గాలు ఇనుప సామాను లెక్కన లారీ ఎక్కాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెవిటివాడికి చప్పుడు ఆగిపోతే ఏమవుతుందని అడుగుతావేమో. చప్పుడు చెవులకే కాదు, మంచానికీ ఉంటుంది. షెడ్డు మీది గదిలో నేనూ మీ వదిన నర్సవ్వా పడుకున్న మంచం ఇన్నేళ్లుగా సన్నగా వణుకుతూనే ఉండేది. ఇప్పుడది రాయిలాగా నిలబడింది.

షెడ్డును ఒక అమ్మాయి అద్దెకు తీసుకుంది. పేరు మధులత. వాళ్ల నాన్న సత్యనారాయణగారు హజీరాలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, గోదావరి జిల్లాల వాళ్లు. షెడ్డుతో పాటు పైగదిలో ఉన్న నన్నూ తీసుకుంది. తెల్లవారుజామున తాళం తీయాలి, ఊడ్చాలి, కావలి ఉండాలి. గది నాదే. లేకపోతే ఈ వయసులో మూట నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోదును?

ఇప్పుడు అసలు సంగతి. షెడ్డులో తెల్ల రేకులతో ఒక గది కట్టారు. దానికి కిటికీ లేదు. లోపల ఆరు వరుసల అరలు, వరుసకు నాలుగు అంతస్తులు. మట్టి మాత్రం ఒక్క పిడికెడు కూడా లేదు. గొట్టాల్లో నీళ్లు పారుతుంటాయి, ఆ నీళ్లలో వేళ్లు వేలాడుతుంటాయి. అదేదో ఇంగ్లీషు ఆకుకూర, లెట్యూస్ అంటారు, పచ్చిగానే తింటారట. సూర్యుడి బదులు తెల్ల లైట్లు పదహారు గంటలు వెలుగుతాయి, ఎనిమిది గంటలు ఆరిపోతాయి. ఎండాకాలమైనా చలికాలమైనా వేడి ఇరవై రెండు దాటకూడదు. గాలిలో తేమ అరవై ఐదు. గది నడుమ పైకప్పు నుంచి ఒక మీటరు వేలాడుతూ ఈ లెక్కలన్నీ చూపిస్తుంది.

ఇంత హంగామా ఎందుకంటే, మొక్కలన్నీ ఒక్క తీరుగా రావాలి. ఒకే పొడుగు, ఒకే రంగు, ఒక్కోటి నూట యాభై గ్రాములు. ఒక పెద్ద హోటలువాళ్లు అడిగారట. మొదటి ప్లేటులో ఎట్లా ఉందో వందో ప్లేటులో అట్లాగే ఉండాలట. జనవరి ఆఖరులోగా మూడు కోతలు సరిగ్గా ఇస్తే ఏడాదంతా వాళ్లే తీసుకుంటారు. ఇవ్వలేకపోతే ఈ గదిని విప్పేస్తానంటోంది మధులత. నాకైతే ఆ లెక్క నచ్చింది. బట్ట తానులో మొదటి గజం ఎట్లా ఉందో చివరి గజం అట్లా ఉండాలని మనం మాత్రం పడలేదా?

లతకు అక్కడ పని ఇప్పించింది నేనే. గదికంతటికీ ఉన్న ఒక్క పెద్ద తొట్టిలో మొక్కల మందు ఉప్పులు కొలిచి కలపడం, రాసిపెట్టడం. తెల్ల కోటు వేసుకుని, నెత్తికి సంచి కట్టుకుని, డాక్టరమ్మలాగా తిరుగుతుంది. నీ అల్లుడు పరుశురాం కడోదరా మిల్లులో రంగు కంపు కొట్టుకుంటూ వచ్చి, భార్య కోటు చూసి జర దూరంగా కూర్చుంటున్నాడట.

నేను నాలుగున్నరకే లేస్తాను. పాత అలవాట్లు ఎక్కడికి పోతాయి? మగ్గాల రోజుల్లో పొద్దున్నే షెడ్డు నేల మీద నీళ్లు చల్లితేగానీ దారం మాట వినేది కాదు. గాలి పొడిబారితే పోగు పుటుక్కున తెగుతుంది. నూనె డబ్బా అడుగున నేనే మేకుతో చిల్లులు కొట్టాను, నీకు గుర్తుందా? మగ్గాలు పోయినా ఆ డబ్బా నా దగ్గరే ఉంది. శేఠ్ దాన్ని తూకానికి వేయబోతే దాచుకున్నాను.

మట్టి లేకుండా పెరిగే ఆకులను చూస్తూ, మట్టిలో పెరిగిన నీ అన్న,
బుచ్చిరాములు


కోరుట్ల
1 డిసెంబరు 2024

అన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మొదటిసారి నవ్విన, రెండోసారి భయపడ్డ.

కిరాణం సురేశ్‌కు చదివి వినిపిస్తే ఏమన్నడో ఎరుకేనా? "అత్తా, కిటికీ లేని గది, లైట్లు, నీళ్ల గొట్టాలు... టీవీల చూపెట్టిండ్రు. గట్ల పెంచేది గంజాయి. పోలీసులు పట్టుకున్నరు" అన్నడు. ఆకులకు ఇంగ్లీషు పేరు పెట్టి నిన్ను, నా బిడ్డను నడుమ ఇరికిస్తున్నరేమో! లతకు ఫోన్ జేసి "కోటు ఇప్పేసి ఇంటికి పో" అన్న. అది నవ్వి నవ్వి ఫోన్ కింద పడేసింది. నువ్వు తిని చూసినవా ఆ ఆకు? తింటే నిద్ర వస్తుందా? నిజం రాయి.

ఒక్క తీరుగ ఉండాలె అన్నవు గదా, గా మాట నాకు చెప్పకు. యాభై ఏండ్లసంది బీడీలు జేస్తున్న. ఒక్క బీడీ పొట్టిగున్నా, ఒక్కటి లావైనా చెకింగ్ జేసెటాయన పక్కకు పారేస్తడు. నీ హోటలాయన గూడ గసొంటోడే అన్నట్టు.

లత సంబురంగ ఉన్నది. "అమ్మా, నేను రాసిన లెక్క మేడం చూసి సంతకం పెడ్తది" అని చెప్పింది. బీడీల కట్టల మీద ఎన్నడన్న నా సంతకం అడిగిండ్రా? దాన్ని జర చూసుకో.

గంజాయి కాదని రాసేదాకా నిద్ర పట్టని నీ చెల్లె,
ఎల్లవ్వ


పల్సానా
19 డిసెంబరు 2024

చెల్లె,

గంజాయి కాదు. తిన్నాను, నిద్ర రాలేదు, ఆకలి మాత్రం అలాగే ఉండిపోయింది. నీళ్లను నమిలినట్టు ఉంది. మధులతకు సురేశ్ మాట చెబితే కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, "తాతగారూ, గంజాయే అయితే నాకీ హోటలువాళ్ల బాధ ఉండేది కాదు కదండీ!" అంది.

కానీ ఇక నవ్వే సంగతులు అయిపోయాయి.

మొదటి కోత చెడింది. అంతా కాదు. తలుపు దగ్గరి రెండు వరుసల్లో, అడుగు అంతస్తు మొక్కలు మాత్రమే. ఆకు అంచులు మొదట నూనె పీల్చుకున్న కాగితంలాగా అయ్యాయి, తర్వాత గోధుమరంగుకు తిరిగి మాడాయి. బరువు నూటికి కూడా రాలేదు. మిగతా గది అంతా పచ్చగా, ముద్దుగా ఉంది. హోటలువాళ్లు సగం వెనక్కి పంపారు.

మధులత మీటరు చూసింది. వేడి ఇరవై రెండు, తేమ అరవై ఐదు, ఎక్కడా తేడా లేదు. లైట్లు మార్చింది, పంఖాలు తిప్పింది. ఇక మిగిలింది తొట్టి నీళ్లు. లత రాసిన పుస్తకం తీసి చూస్తే ఒక రోజు అంకె కొట్టేసి మళ్లీ రాసి ఉంది. "ఇదేమిటి లతా?" అని అడిగింది. లత "తప్పు పడ్డది, మళ్ల సరిగ్గ రాసిన మేడం" అంది. అంతే, ఆ కొట్టివేత మీద అనుమానం వాలింది.

నేను దాన్ని పక్కకు పిలిచి చెప్పాను. "బిడ్డా, ఎన్నడన్న ఒక చెంచా ఎక్కువ పడ్డదేమో, ఒప్పుకో. ఒప్పుకుంటే పోతది" అన్నాను. అది నా మొహం చూసి తొట్టి దగ్గరికి పోయింది. నీకు కోపం వస్తుందని తెలిసినా రాస్తున్నాను. దాని చెయ్యి జర తొందర చెయ్యి. చిన్నప్పుడు నువ్వు కూడా అంతే, కండెలు చుట్టమంటే సగం దారం నేల మీదనే ఉండేది.

ఇంకో రెండు కోతలు ఉన్నాయి. అవి బాగుంటే ఈ మాట ఎవరికీ గుర్తుండదు. నేను నా వంతుగా పొద్దున్నే ఇంకాస్త ముందుగా లేచి, లోపల అంతా శ్రద్ధగా చూస్తున్నాను. చలికాలం కదా, పంఖాల గాలికి నా ముక్కే ఎండిపోతోంది. మొక్కలకు ఎట్లా ఉంటుందో పాపం.

నీ తిట్లకు సిద్ధంగా,
అన్న


కోరుట్ల
3 జనవరి 2025

బుచ్చిరాములుకు,

అన్నా అని రాయబుద్ధి కాలేదు, అందుకే పేరు రాసిన. కోపం తగ్గినంక మళ్ల అన్న అంట.

నా బిడ్డ చేతిని అంటవా? పన్నెండేండ్లకు నా పక్కన కూసొని బీడీలు చుట్టింది. చెకింగాయన దాని కట్ట ఇప్పకుండనే పెట్టెల ఏసేటోడు. నేను కండెలు చుట్టింది ఆరేండ్లప్పుడు. గా మాట పట్టుకొని ముప్పై నాలుగేండ్ల నా బిడ్డను అంటున్నవు.

నువ్వు పేపర్లు చదివెటోనివి, పొట్లం కట్టిన కాగితం గూడ వదలవు. నేను ఐదోది చదివిన. నాకు తెలిసింది ఒకటి అడుగుత, జవాబు చెప్పు. తొట్టి ఒక్కటే అని నువ్వే చెప్పినవు. ఆ నీళ్లే అన్ని గొట్టాలల్ల పోతయి. మరి ఒక్క కుండల వండిన పప్పు, తలుపు కాడ కూసున్నోళ్లకు ఉప్పగ, లోపల కూసున్నోళ్లకు సప్పగ ఉంటదా? ఉప్పు ఎక్కువైతే అందరి నోరు చెడాలె. నీ మేడం ఇంజనీరు బిడ్డనట గదా, ఆమెకు ఈ లెక్క రాదా?

లత ఫోన్ జేసి ఏడ్చింది. మేడం అన్నందుకు కాదు. "మామ గూడ నమ్మలేదమ్మా" అన్నది.

ఇగ నేను రాయ. నీ దగ్గర మంచి మాట ఉంటే నువ్వు రాయి.

ఎల్లవ్వ


పల్సానా
28 జనవరి 2025

చెల్లె ఎల్లవ్వా,

నీ పప్పు కుండను మధులత ముందు పెట్టాను. ఆమె "నిజమేనండీ తాతగారూ, నీళ్లయితే అన్నీ పోవాలి" అంది. అప్పుడు నీ మీద నాకు ఎంత గర్వం కలిగిందో రాయడానికి ఈ కాగితం చాలదు. సత్యనారాయణగారు కూడా విని, "ఆవిడని ఒకసారి సూరత్ రమ్మనండి, మా కంపెనీలో అయితే ఇన్‌స్పెక్షన్‌లో వేసేవాళ్లం" అన్నారు.

అట్లా ఒక పది రోజులు బాగా గడిచాయి. రెండో కోత కొంచెం మెరుగు. ఆ రోజు లత నాకు పోంక్ తెచ్చి పెట్టింది. పచ్చి జొన్నకంకులు కాల్చి రాల్చిన గింజలు ఇక్కడ చలికాలంలో బండ్ల మీద అమ్ముతారు. మన ఊచబియ్యమే, కాకపోతే వీళ్లు పైన కారప్పూస, చక్కెర గోళీలు వేసి పాడు చేస్తారు. నోట్లో వేసుకుంటే నాయిన జొన్నచేను గుర్తుకొచ్చింది. కాల్చిన కంకిని అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, మొదటి పిడికెడు నీకే పెట్టేవాడు. నేను పెద్దవాడిని కదా, నాకెందుకు తర్వాత అని నేను అలిగేవాడిని. డెబ్బై ఒకటో ఏట ఒప్పుకుంటున్నాను, అలిగింది నిజమే.

ఈ సంగతులు ఎందుకు రాస్తున్నానంటే, రాయవలసిన సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు.

మూడో కోత ముందటి రెండింటికంటే ఘోరంగా చెడింది. మళ్లీ అవే రెండు వరుసలు, అదే అడుగు అంతస్తు. ఇంకా విచిత్రం, ఈసారి పొద్దున్నే ఎంత జాగ్రత్తగా చూశాను! ఒకటికి రెండుసార్లు. అయినా అంతే. హోటలువాళ్లు మార్చి నడుమ ఇంకొక్కసారి చూస్తామన్నారు, అదే ఆఖరు. మధులతకు దిక్కు తోచలేదు. "నీళ్లు కాదని నాకూ అనిపిస్తోంది, కానీ అన్నీ మార్చి చూశాను, మార్చనిది మనిషినే కదండీ" అంది. ఇక నుంచి లతను రావద్దంది. తొట్టి పని రాజుకు అప్పగించింది. రాజు పార్సిళ్లు కట్టేవాడు, మంచివాడే.

లత కోటు మడత పెట్టి బల్ల మీద ఉంచింది. ఆటో దాకా నేనూ వెళ్లాను. ఆటో ఎక్కేటప్పుడు పెదాలు కదిలాయి. నాకు వినపడలేదు. మళ్లీ చెప్పమనడానికి ధైర్యం చాలలేదు.

నీకు మంచి మాట రాయమన్నావు. నా దగ్గర లేదు.

బుచ్చిరాములు


కోరుట్ల
9 ఫిబ్రవరి 2025

అన్నా,

చూసినవా, మళ్ల అన్న అన్న. నీ ఉత్తరం చదివినంక కోపం ఉంచుకోబుద్ధి కాలేదు. నాయిన నాకు ముందుగాల పెట్టింది నేను చిన్నదాన్నని కాదు, నువ్వు దొంగతనంగ ఇంకో కంకి తింటవని ఎరుక ఉండి.

లత ఏమన్నదో నన్నడుగు, చెప్త. "మామా, చలిల తిరగకు" అన్నదట. గంతే. నువ్వేమో గుండె మీద బండ పెట్టుకున్నవు.

అది ఇప్పుడు ఇంట్ల కూసొని చీరలకు రాళ్లు అతికిస్తున్నదట. పనికి సిగ్గు లేదు. కానీ "తప్పు చేసి పోయిందని అనుకుంటరమ్మా" అంటున్నది. నా బిడ్డ పేరు మీద మరక ఉంటే నాకు ముద్ద దిగుతలేదు.

మొన్న బీడీ ఆకు తడిపి, గోనెసంచిల చుట్టి మూలకు పెట్టిన. పొద్దుగాల ఇప్పితే మీది కట్టలు మంచిగున్నయి, అడుగు కట్ట నల్లబడ్డది. నేల తడి పట్టింది. అప్పుడు సూరత్ యాదికొచ్చింది. తొంభైల, లత మూడు నెలల పిల్ల, మేము ఆయన పని కోసం మీ దగ్గరికి వచ్చినం గదా. పైగది రేకులకు కాలుతుండె. అందుకే పొద్దుగాల పూట కింద షెడ్డుల, తలుపు కాడ, గాలి తగులుతదని పిల్లకు చీరతో ఊగే తొట్టెల కట్టినం. నువ్వు నాలుగున్నరకు లేచి ఆ చిల్లుల డబ్బా పట్టుకొని, వానదేవుని లెక్క చల్లుకుంట వచ్చెటోనివి. తొట్టెల కింద గూడ చల్లేది. పిల్లకు పడిశం పట్టి, ముక్కు ఆడక గిలగిల కొట్టుకున్నది. వదిన నీ మీద ఎంత లొల్లి పెట్టింది! "నీ దారం తెగితే ముడేసుకుంటవు, పిల్ల పానం తెగితే ముడేస్తవా?" అన్నది. నువ్వు తల గోక్కున్నవు. తెల్లారి మళ్ల చల్లినవు.

వదిన ఉంటే లత కోసం ఎంత కొట్లాడేదో ఇప్పుడు.

ఆ డబ్బా ఉన్నదన్నవు గదా. ఇప్పుడు గూడ చల్లుతున్నవా ఏంది? మగ్గాలు లేవు గదా, దేనికి చల్లుడు?

నీ చెల్లె,
ఎల్లవ్వ


పల్సానా
24 ఫిబ్రవరి 2025

చెల్లె,

చల్లుతున్నాను.

నీ ఉత్తరం పోస్టు డబ్బా దగ్గరే నిలబడి చదివాను. ఆఖరి మాట చదివి అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

రోజూ చల్లుతున్నాను, ఎల్లవ్వా. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. ఊపిరి పీలుస్తున్నానని ఎవరైనా ఇంకొకరికి చెబుతారా? నాలుగున్నరకు లేచి, తాళం తీసి, ఊడ్చి, లైట్లు వెలగకముందే ఆ తెల్లగదిలో డబ్బాతో నడిచాను. గదంతా తిరగడానికి మోకాళ్లు ఒప్పుకోవు. తలుపు దగ్గరి రెండు వరుసల నడుమ మాత్రం చల్లి వచ్చేవాణ్ణి. ఎనిమిదింటికి వీళ్లు వచ్చేసరికి పంఖాల గాలికి నేల ఆరిపోయేది. రెండో కోతకు నాకు వారం రోజులు జ్వరం, కిందికి దిగలేదు. అందుకే అది మెరుగు. మూడో కోతకు శ్రద్ధ చూపించాను కదా, రెండుసార్లు చల్లాను.

డబ్బా పట్టుకుని మధులత దగ్గరికి వెళ్లాను. సత్యనారాయణగారు కూడా ఉన్నారు. చెప్పాను.

"ఇది రోజూ చేస్తున్నారా తాతగారూ?"

"రోజూ తల్లీ."

"ఆదివారం కూడానా?"

"ఆదివారం కూడా. మొక్కలకు సెలవు లేదు గదా."

ఆమె ఒక బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. తర్వాత లేచి ఇంకో మీటరు తెచ్చి, మడమ ఎత్తున కట్టి, "ఇప్పుడు చల్లండి, రోజూ చల్లినట్టే" అంది. లైట్లు ఆర్పింది. అరగంటకు చూస్తే పైమీటరులో అరవై ఆరు, కింది మీటరులో తొంభై రెండు.

తర్వాత ఆమె నాకు విడమరిచి చెప్పింది. చీకట్లో గాలి తడిగా ఉంటే ఆకు చెమట పట్టదట. వేరు మాత్రం నీటిని పైకి తోస్తూనే ఉంటుంది. ఆ నీరు పోయే దారి లేక ఆకు అంచుల్లో ఉబ్బి, నూనె కాగితంలాగా అయి, లైట్లు వెలగగానే మాడుతుంది. నీ గోనెసంచిలో అడుగు కట్ట లాంటిదే. పోగు బతకాలంటే కావలసిన తడి ఆకును చంపింది. నేను దారానికి చేసిన సేవే ఆకుకూ చేశాను, అంతే నా నేరం.

సత్యనారాయణగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "అమ్మాయ్, నువ్వు మీటరు గదికి పెట్టావు, మొక్కకి పెట్టలేదు" అన్నారు. మధులత తల దించుకుంది. అప్పుడు నేను గది ఖాళీ చేస్తానన్నాను. "ముందు లత దగ్గరికి వెళ్లి రండి. గది సంగతి తర్వాత" అంది.

కడోదరా వెళ్లాను. లత ఇంట్లో నేల మీద చీర పరచుకుని రాళ్లు అతికిస్తోంది. నేను అన్నీ చెప్పాను. అది తల ఎత్తలేదు. నాకు వినపడేటట్టు గట్టిగా అడిగింది.

"మేడం ముంగట చెప్పినవా మామా?"

"చెప్పిన బిడ్డా."

"రాజు ముంగట?"

"రాజు ముంగట చెప్పలె."

"గయితే పోయి చెప్పి రా. నా మరక చూసింది వాడు గూడ."

మళ్లీ ఆటో ఎక్కి పల్సానా వచ్చాను. రాజునూ, పార్సిళ్ల దగ్గరి వాళ్లనూ పిలిచి, డబ్బా ఎత్తి చూపించి చెప్పాను. రాజు నమ్మలేదు, "కాకా, మీరు లతక్కను కాపాడుతున్నరు" అన్నాడు. వాడికి కూడా చల్లి చూపించవలసి వచ్చింది. మరునాడు మళ్లీ కడోదరా వెళ్లాను. అప్పుడు ఛాయ్ పెట్టి ఇచ్చింది.

లత తిరిగి వచ్చింది. మధులత స్వయంగా వెళ్లి పిలిచింది. కోటు అదే, మడత కూడా విప్పి ఉండలేదు.

నీ దగ్గర తల వంచుకున్న,
అన్న


కోరుట్ల
9 మార్చి 2025

అన్నా,

చదివి ఏడ్చిన, మళ్ల నవ్విన. నువ్వు రాజు ముంగట డబ్బా ఎత్తి పట్టుకొని నిలబడ్డది కండ్ల ముంగట కనవడ్తున్నది.

తల వంచకు. నిన్నెవడు వంచమన్నడు? నువ్వు చెప్పకపోతే ఎవలకు తెలిసేది? చల్లుడు ఆపేసి గమ్మున ఉంటే గూడ మొక్కలు మంచిగయ్యేటివి, నా బిడ్డ మాత్రం తప్పు చేసినదానిగనే ఉండేది. ఈ మాట లత గూడ అన్నది. కాకపోతే నీతోని ఇప్పుడే మాట్లాడదట. "జర దినాలు వోనీ" అన్నది. వోనీ.

ఆఖరి కోత ఏమైంది? గది ఉన్నదా పోయిందా? గా ముచ్చట రాయలే నువ్వు.

ఇగో, ఆ డబ్బా నీ దగ్గర ఉంచకు. నిద్రల లేచి మళ్ల చల్లుతవు, నీ సంగతి నాకు ఎరుకే. నాకు పంపు. వంకాయ నారు పోసిన. నాది మట్టి, ఎంత చల్లినా తాగుతది.

ఎల్లవ్వ


పల్సానా
26 మార్చి 2025

చెల్లె ఎల్లవ్వా,

ఆఖరి కోత మొక్కలు, తలుపు దగ్గరివీ లోపలివీ, అడుగువీ పైవీ, ఒక్క తల్లి పిల్లలలాగా వచ్చాయి. హోటలువాళ్లు ఏడాదికి ఒప్పుకోలేదు. ఆరు నెలలకు ఒప్పుకున్నారు. నమ్మకం సగమే తిరిగి వచ్చిందన్నమాట, లతకు నా మీద వచ్చినట్టే. ఛాయ్ మాత్రం రోజూ నా మెట్టు మీద పెట్టి పోతోంది.

గది ఉంది. పని మారింది. ఇప్పుడు నా పని దారాలది. మగ్గాల రోజుల్లో గాలి ఎటు పోతోందో చూడ్డానికి దూలానికి ఒక పోగు వేలాడదీసేవాళ్లం. అది మధులతకు చెప్పాను. ప్రతి అర అడుగునా ఒక పోగు కట్టమంది. ఎక్కడ పోగు కదలదో అక్కడ గాలి ఆగిందని, తడి నిలుస్తుందని అర్థం. ఆరు వరుసలు, నాలుగు అంతస్తులు, రెండు కొసలు. కట్టి చూసుకుంటే నలభై ఎనిమిది పోగులు. మగ్గాలు కూడా నలభై ఎనిమిదే. నేనేమీ లెక్క కుదర్చలేదు, అదే కుదిరింది. పొద్దున్నే ఖాళీ చేతులతో తలుపు దగ్గర నిలబడి వాటిని చూస్తాను. అన్నీ సన్నగా ఊగుతుంటాయి. నా మంచం వణికినట్టు.

డబ్బా పంపుతున్నాను. పోస్టాఫీసులో పిల్లవాడు "అందర్ క్యా హై కాకా?" అని లోపలేముందో అడిగాడు. "కుఛ్ నహీ, ఖాళీ" అన్నాను. ఖాళీ డబ్బాకు ఇంత గట్టి గుడ్డ ఎందుకు కుట్టానని అనుమానంగా చూశాడు.

పంపేముందు ఇటుక పొడి పెట్టి తోమాను. ఎడమ పక్కన మూడు చిల్లులు ఎన్నడో తుప్పుతో పూడుకుపోయాయని ఇన్నేళ్లూ అనుకున్నాను. తోమితే తుప్పు పోయింది, కింద మాటు వేసి ఉంది. ఎవరో తగరం పోసి శ్రద్ధగా మూయించారు. ఎడమ పక్క అంటే తలుపులోంచి వస్తుంటే చంటి లత తొట్టెల ఉండే పక్క.

మీ వదిన నాతో లొల్లి పెట్టి ఊరుకుందని నువ్వూ నేనూ అనుకున్నాం. నేను వినేవాణ్ణి కాదని ఆమెకు తెలుసు, అప్పటికి నా చెవులు బాగానే ఉన్నా. ముప్పై అయిదేళ్లు ఆ మూడు చిల్లుల మేర నేలను పొడిగానే వదిలి నడిచాను, గమనించలేదు.

నారు మీద నీళ్లు ఆ పక్కన తక్కువ పడతాయి. పడనీ. ఆ మూడూ తెరవకు.

బుచ్చిరాములు